ఎండ డాబా మీద, కారు ఆఫీసులో

“మా కారు ఎండతో నడుస్తుందండీ” అని చెప్పుకునే ఇంటాయన కారు, తీరా ఎండ కాసే వేళకి ఇంట్లో ఉండదు. ఉదయం తొమ్మిదింటికల్లా గేటు దాటి, ట్రాఫిక్‌లో పాక్కుంటూ వెళ్ళి, మాదాపూర్‌లో ఏ సెల్లారులోనో నీడపట్టున పడుంటుంది. ఇక్కడ డాబా మీద ఆరు ప్యానెళ్ళు మిట్టమధ్యాహ్నపు ఎండకి మాడుతూ కరెంటు తయారుచేస్తుంటాయి. ఇంట్లో ఆ వేళకి దాన్ని వాడేదెవరు? ఒక ఫ్రిజ్జు, ఒక ఫ్యాను, దాని కింద కునుకు తీస్తున్న పెద్దావిడ. మిగిలిందంతా మీటరు దాటి వీధిలోకి పోతుంది. పక్కింటి ఏసీకి అదే మేత. కారేమో చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది, రెండు మూడు రోజులకోసారి రాత్రంతా ప్లగ్గుకి అతుక్కుని ఉంటుంది. ఆ వేళకి సూర్యుడు అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ ఇంటి కప్పుల మీద ఉంటాడు. ఇక్కడి బ్యాటరీలోకి ఎక్కేది ఎక్కువ భాగం రామగుండంలోనో కొత్తగూడెంలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు మండించి తీసిన కరెంటు.

అలాగని ఆయన అబద్ధమాడుతున్నాడని కాదు. లెక్క చెబుతున్నాడు. గేటు పక్క గోడకి బిగించిన నెట్ మీటరు తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. అందులో ముఖ్యమైనవి రెండు: లైను నుంచి తీసుకున్న యూనిట్లు, లైనుకి ఇచ్చిన యూనిట్లు. రీడింగ్ తీసే కుర్రాడు నెలకోసారి వచ్చి మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలిన దానికి బిల్లు కొట్టి చేతిలో పెడతాడు. పగలు పన్నెండింటికి ఇచ్చిన యూనిట్‌కీ, రాత్రి ఎనిమిదింటికి పుచ్చుకున్న యూనిట్‌కీ ఆ మీటరు తేడా చూడదు.

లైను నడిపేవాళ్ళకి మాత్రం ఆ రెండూ ఒకటి కావు. మధ్యాహ్నం కరెంటు పుష్కలం. సాయంత్రం ఆరు దాటాక, ఇళ్ళలో లైట్లూ ఏసీలూ టీవీలూ ఒక్కసారి లేచే వేళకి, ఎండ పోయి ఉంటుంది. అప్పుడు ప్రతి యూనిట్‌కీ వెతుకులాటే. ఇంటి మీద సోలారూ ఇంటి ముందు కారూ చేరే దాకా ఈ గొడవ ఇంటాయన చెవిన పడలేదు. ఇన్నాళ్ళూ కరెంటంటే ‘ఎంత వాడాం’ అన్నదే ప్రశ్న. ఇకమీదట ‘ఎన్నింటికి వాడాం’ అన్నది కూడా ఇంటి లెక్కలోకి వస్తుంది. సోలార్ అమ్మేవాళ్ళూ కార్లమ్మేవాళ్ళూ ఈ సంగతి నోరు విప్పి చెప్పరు గానీ, రెండింటినీ కలిపి కొనేవాళ్ళు ముందుగా ఆలోచించుకోవాల్సింది ఇదే.

నిజానికి ఎండకి వేళ ఉంటుందని తెలిసినవాళ్ళు తెలుగిళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. ఒడియాలు ఏ పొద్దుకి పెడితే సాయంత్రానికి పైపొర గట్టిపడుతుందో, మిరపకాయల్ని ఎప్పుడు తిరగెయ్యాలో, కడిగి తుడిచిన మామిడికాయల తడి ఎంతసేపటికి ఆరుతుందో, మంచు దిగకముందే చాప ఎప్పుడు చుట్టెయ్యాలో ఇంటి ఆడవాళ్ళకి గడియారం చూడకుండానే తెలుసు. పిట్టగోడ నీడ ఏ గంటకి ఎక్కడిదాకా పాకుతుందో వాళ్ళని అడగాలి. చాలా ఇళ్ళలో సోలార్ కుర్రాళ్ళు ఫోన్లో యాప్ తెరిచి కొలుచుకునే సంగతి, ఇంటి పెద్దావిడ నోటిమాటగా చెప్పేస్తుంది: “మూడు దాటితే ట్యాంకు నీడ ఇటు పడుతుంది నాయనా.”

ఇప్పుడు ప్యానెళ్ళకి కావలసింది ఒడియాలు పెట్టే ఆ డాబా జాగాయే. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు, అంటే మూడు కిలోవాట్లకి మూడు వందలు. స్ట్రక్చర్ ఎనిమిది అడుగుల ఎత్తున కట్టిస్తే కింద కుర్చీ వేసుకోవచ్చు, గాలికి బట్టలారేసుకోవచ్చు. ఒడియాలు మాత్రం పెట్టలేరు. ఈ విషయమై కొన్ని ఇళ్ళలో జరిగిన చర్చలు శాసనసభ చర్చలకేమీ తీసిపోవు.

ట్యాంకు నీడ సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. ప్యానెళ్ళని వరసగా ఒకదానికొకటి కలిపి ఒకే ఇన్వర్టర్‌కి ఇస్తారు. అందులో ఒక ప్యానెల్ మూల మీద నీడ పడినా దాని ప్రభావం వరస మొత్తం మీద కనిపిస్తుంది. నీడపడ్డ గళ్ళని తప్పించి కరెంటు పక్కదారిన పోయేలా ప్యానెల్లోనే చిన్న డయోడ్లు పెడతారు గానీ, నష్టం పూర్తిగా పోదు. సింటెక్స్ ట్యాంకు, డిష్ యాంటెన్నా, పక్కింటివాళ్ళు కొత్తగా లేపిన మూడో అంతస్తు, వీటిలో దేనికీ సబ్సిడీ పథకంలో పరిష్కారం రాయలేదు.

ఇంకో అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ అని. అలాగైతే ఎండలకి పేరుమోసిన రెంటచింతల దేశానికి కరెంటు రాజధాని అయ్యుండాలి. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు. వేడి దానికి గిట్టదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అక్కడి నుంచి పెరిగే ప్రతి డిగ్రీకీ సిలికాన్ ప్యానెల్ 0.3 నుంచి 0.4 శాతం శక్తిని పోగొట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఒళ్ళు 65 డిగ్రీలకి చేరిందంటే, పన్నెండు నుంచి పదహారు శాతం అక్కడే ఆవిరి. ఫిబ్రవరి, మార్చిలో ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా తగిలే రోజున అదే ప్యానెల్ హుషారుగా పనిచేస్తుంది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు చేసిన మొదటి పనికొచ్చే సిలికాన్ సెల్లు, తన మీద పడ్డ వెలుతురులో ఆరు శాతాన్ని కరెంటు చేసింది. ఇవాళ ఇంటి కప్పుల మీద పెడుతున్నవి ఇరవై శాతం దాటాయి. వేడితో వాటి పేచీ మాత్రం అప్పటినుంచీ తీరలేదు.

దుమ్ము సంగతి మరొకటి. రోడ్డు పక్క ఇళ్ళలో పదిహేను రోజులు తుడవకపోతే ప్యానెల్ మీద వేలితో పేరు రాయొచ్చు. తుడవడానికి బోరు నీళ్ళు వాడితే, ఉప్పునీళ్ళ ఊళ్ళలో తెల్లటి పొర కడుతుంది, అది దుమ్ముకన్నా మొండిది. నడి ఎండలో కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు కొట్టకూడదు, తెల్లవారుజామునే ఆ పని కానివ్వాలి. తెలంగాణ పల్లెల్లో కోతులు, హైదరాబాద్‌లో ప్యానెళ్ళ కింద కాపురం పెట్టే పావురాలు, ఇవన్నీ కొనేటప్పుడు ఇచ్చే రంగుల కాగితంలో ఉండవు.

డబ్బు లెక్కలకొద్దాం. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ళ మీద సోలార్ పెట్టించాలన్నది లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000 చొప్పున, మూడో దానికి 18,000, మొత్తం 78,000 సబ్సిడీ. అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టుకున్నా సబ్సిడీ అక్కడే ఆగుతుంది. మూడు కిలోవాట్లు ఏడాది సగటున నెలకి 350 యూనిట్ల దాకా ఇస్తాయి.

నెలకి 250 యూనిట్లు కాలే హైదరాబాద్ ఇల్లొకటి అనుకుందాం. తెలంగాణలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లూ 5.10 రూపాయల చొప్పున, పై వంద 7.70, ఆపై వంద 9 రూపాయలు, 400 దాటితే 9.50. ఆ ఇంటికి ఛార్జీలు 1,405 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలూ సుంకాలూ వేరే. ఇప్పుడు ఒక మోస్తరు ఎలక్ట్రిక్ కారు కొన్నారు. రోజుకి 40 కిలోమీటర్లు, నెలకి 1,200. యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు అనుకున్నా, బ్యాటరీలోకి పది యూనిట్లు ఎక్కాలంటే గోడలోంచి పదకొండుకి పైగా లాగాలి కాబట్టి, కారు వాటా 210 యూనిట్లు. ఇంటి వాడకం 460కి చేరి ఛార్జీ 3,260 అవుతుంది. అంటే కారు నెల మేత 1,855 రూపాయలు. లీటరుకి పదిహేను కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకి అదే దూరానికి ఎనభై లీటర్లు, లీటరు 107 లెక్కన ఎనిమిదిన్నర వేలు.

ఈ లెక్కలో సోలార్ ఇంకా రానే లేదు. సోలార్ లేకుండానే కారు గిట్టుబాటయింది. ఈ రెండింటినీ విడదీయరాని జంటగా అమ్మజూపేవాళ్ళ మాట అందుకే సగమే నిజం. మిగతా సగం స్లాబుల్లో ఉంది. కారు ఇంటిని పై స్లాబులోకి నెడుతుంది. ఎండ ఆ పై యూనిట్లనే, అంటే అన్నిటికన్నా ఖరీదైనవాటినే, ముందుగా కోసేస్తుంది. 460లోంచి 350 పోతే మిగిలేది 110. ఇల్లు 200 లోపు కేటగిరీలో పడి, మొదటి వంద 3.40 చొప్పున, పై పది 4.80 చొప్పున, మొత్తం 388 రూపాయలు. నెలకి 2,870 మిగిలాయి. సబ్సిడీ పోను ప్యానెళ్ళకి లక్షా పాతికవేలు పెట్టారనుకుంటే నాలుగేళ్ళ లోపే పెట్టుబడి వెనక్కొస్తుంది. కారు లేని ఇంటికి అదే సోలార్ నెలకి 1,405 మాత్రమే మిగులుస్తుంది, ఏడేళ్ళ పైనే పడుతుంది. మిగిలిపోయిన యూనిట్లకి కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం, ఇచ్చేది సగటు కొనుగోలు ధర, అది పై స్లాబు ధరకి దరిదాపుల్లో ఉండదు.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉంది. తెల్లకార్డున్న ఇంటికి తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల దాకా బిల్లే లేదు. ఆ ఇంటివాళ్ళు సోలార్ పెట్టుకుంటే మిగిలేదేమిటి? ఏమీ లేదు. పై స్లాబులో కాలేవాడికి సోలార్ లాభం, కారున్నవాడికి మరీ లాభం. ప్రభుత్వ సొమ్ము సబ్సిడీగా ఎటు పారుతోందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అందరికీ ఆశ్చర్యం కలిగించే ఘట్టం. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, నెత్తిన నిప్పులు కురుస్తున్నాయి, వీధిలో కరెంటు పోయింది. సోలార్ ఉన్న ఇంట్లోనూ పోయింది. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి, “అదేవిటండీ, మీకు సోలార్ ఉందిగా, మీకూ పోయిందా?” అంటాడు. ఆ గొంతులో జాలి కన్నా సంతోషమే ఎక్కువ వినిపిస్తుంది. డాబా మీద రెండున్నర కిలోవాట్ల ఎండ పడుతూనే ఉంది, కింద ఫ్యాను తిరగదు. గోడకున్న ఇన్వర్టర్ మీద ఎర్రదీపం వెలిగి గమ్మునుంటుంది.

కారణం స్తంభం మీద ఉన్నాడు. వీధిలో లైను ఆపి ఫ్యూజు కడుతున్న లైన్‌మన్‌కి ఆ తీగలో కరెంటు లేదన్న నమ్మకం ఉండాలి. ఇళ్ళ మీది ప్యానెళ్ళు అదే తీగలోకి కరెంటు తోస్తూ ఉంటే అతని ప్రాణం పోతుంది. అందుకే మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ ఎప్పుడూ లైను నాడి చూస్తూ ఉంటుంది. లైను పడిపోయిన మరుక్షణం తనూ ఆగిపోతుంది. కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరూ బ్యాటరీలూ విడిగా పెట్టుకోవాలి. ఖర్చు దాదాపు రెట్టింపు దాకా పోతుంది, సబ్సిడీలో బ్యాటరీకి పైసా రాదు.

అయితే ఇంటి ముందే పెద్ద బ్యాటరీ చక్రాల మీద నిలబడి ఉంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తెలుగిళ్ళలో ఫ్రిజ్జు పక్కనో మెట్ల కిందో కాపురముండే 150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీలో పట్టేది ఒక యూనిటూ ముప్పాతిక మాత్రమే. నెక్సాన్ ఈవీలో పెద్దదానికి బ్యాటరీ 45 యూనిట్లది. అంటే పాతిక ఇన్వర్టర్ బ్యాటరీలు కారు కడుపులో పడుకున్నట్టు. 2023లో వచ్చిన నెక్సాన్ ఈవీ నుంచి, ఛార్జింగ్ మూతి దగ్గర అడాప్టర్ పెట్టి మూడు కిలోవాట్ల దాకా బయటికి తీసుకునే ఏర్పాటు కూడా వచ్చింది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగితే ఫ్రిజ్జూ నాలుగు ఫ్యాన్లూ మూడు రోజులు సులువుగా నడుస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక జనం ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి ఎక్కడెక్కడో తిరిగారు. అప్పుడీ కార్లు లేవు. జపాన్‌లో మాత్రం 2011 మార్చి భూకంపం తర్వాత నిస్సాన్ కంపెనీ లీఫ్ కారు నుంచి ఇంటికి కరెంటిచ్చే పరికరాన్ని 2012లోనే అమ్మకానికి పెట్టింది. మన దగ్గర ఇంటి వైరింగుకే నేరుగా కారుని కలిపే సరంజామా ఇంకా వీధి చివరి షాపులో దొరికే వస్తువు కాలేదు. పంపు మోటారుకి తీగలు చుట్టినట్టు ఎవరైనా సొంత తెలివితేటలతో కలిపారంటే, మళ్ళీ ఆ లైన్‌మన్ ప్రాణం మీదికే వస్తుంది.

తెలివితేటలన్నాం కాబట్టి ప్లగ్గు సంగతి చూడాలి. కారుతో పాటిచ్చే ఛార్జర్‌కి మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు, 3.3 కిలోవాట్లు లాగుతుంది. “మన గీజరు ప్లగ్గే కదా” అని ఎలక్ట్రీషియన్ తేలిగ్గా అనేస్తాడు. గీజరు పావుగంట కాలి ఆగుతుంది. కారు అదే ప్లగ్గు మీద ఎనిమిది గంటలు ఏకధాటిగా కాలుతుంది. చవకరకం సాకెట్లో బిగువు తగ్గిన స్క్రూ ఒక్కటి చాలు: మొదట గోరువెచ్చన, నెల తిరిగేసరికి ప్లాస్టిక్ పసుపు రంగు, ఆపైన కమురు వాసన. మీటరు దగ్గర్నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడి ఎంసీబీ, షాకు కొడితే తెగే ఆర్‌సీసీబీ, అన్నిటికన్నా ముందు సరైన ఎర్తింగు కావాలి. ఎర్తు బాగోలేకపోతే చాలా కార్లు ఛార్జింగే ఒప్పుకోవు. ఎన్నో పాత ఇళ్ళలో ఎర్తు పైపు ఎక్కడుందో, అసలుందో లేదో, కారు కొన్న రోజునే బయటపడుతుంది. ఇంటికి మంజూరైన లోడు రెండు మూడు కిలోవాట్లే అయితే కారొక్కటే దాన్ని మింగేస్తుంది. డిస్కం ఆఫీసుకెళ్ళి లోడు పెంచుకోవాలి.

ఇదంతా సొంత డాబా ఉన్నవాడి భాగోతం. అపార్ట్‌మెంటువాడిది ఇంకో కథ. డాబా అందరిదీ, అంటే ఎవరిదీ కాదు. పార్కింగ్ గీతల మధ్య జాగా తనదే గానీ పక్క స్తంభం అసోసియేషన్‌ది. మీటర్ల గది నుంచి కారు దాకా కేబుల్ లాగుతానంటే మీటింగు పెడతారు. “కామన్ కరెంటు మీద నీ కారు నడుపుతావా?” అని ఒకరు, “సెల్లారులో నిప్పంటుకుంటే బాధ్యత ఎవరిది?” అని ఒకరు, “లిఫ్టు రిపేరుకే దిక్కులేదు” అని ఇంకొకరు. కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనలు మార్చి, పార్కింగులో ఐదో వంతు జాగాకి ఛార్జింగ్ వసతి ఉండాలంది. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకి చేసిన సవరణలో, కారు ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్ తీసుకునే వెసులుబాటిచ్చింది. పది కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కి సాంకేతిక పరిశీలన అక్కర్లేదనీ చెప్పింది. కాగితం మీద దారి సాఫీగానే ఉంది. మీటింగులో మూడో అంతస్తాయన్ని ఒప్పించే నిబంధన ఏ గెజిట్లోనూ లేదు.

అన్నట్టు, నిప్పు భయం ఊరికే పుట్టింది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత అదే ఏడాది చివర్లో బ్యాటరీల పరీక్షల ప్రమాణాలని కేంద్రం బిగించింది. తీసి పెట్టే బ్యాటరీని హాల్లో సోఫా పక్కన ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం ఏ ప్రమాణం వచ్చినా తెలివైన పని కాదు.

మొదట్లో చెప్పుకున్న వేళ గొడవ ముదిరితే ఏమవుతుందో చూడాలంటే కాలిఫోర్నియా వైపు చూడొచ్చు. టెస్లా ఫ్యాక్టరీ ఉన్న ఫ్రీమాంట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకి కొదవ లేదు. గరాజ్‌లో కారు, కప్పు మీద ప్యానెళ్ళు అక్కడ మామూలు దృశ్యం. అక్కడి గ్రిడ్ నడిపేవాళ్ళు 2013లోనే ఒక గీత గీసి చూపించారు: సోలార్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం గిరాకీ పొట్ట కిందికి జారుతుంది, సాయంత్రం మెడ నిటారుగా లేస్తుంది. బొమ్మ చూసి బాతు అన్నారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ బాతు నిజంగానే నీళ్ళలో దిగింది. మధ్యాహ్నం కరెంటు ఎక్కువై కొన్నిసార్లు ప్లాంట్లు ఆపాల్సొచ్చింది. 2023 ఏప్రిల్ 15 నుంచి కొత్తగా సోలార్ పెట్టుకునేవాళ్ళు గ్రిడ్‌కి అమ్మే యూనిట్ విలువని సుమారు నాలుగింట మూడొంతులు తెగ్గోశారు. యూనిట్‌కి యూనిట్ ఇచ్చిపుచ్చుకునే రోజులు అక్కడ పోయాయి. అప్పటినుంచి కొత్త ఇళ్ళలో ప్యానెళ్ళతో పాటు బ్యాటరీ కూడా గోడకెక్కుతోంది. ముందే పెట్టుకున్నవాళ్ళకి పాత ఒప్పందం ఇరవయ్యేళ్ళు నడుస్తుంది, ఒకే వీధిలో రెండు న్యాయాలు.

మన దగ్గర అంత దాకా రాలేదు గానీ, దిక్కు అదే. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరి చివరికి లక్ష మెగావాట్లు దాటింది. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ భూముల్లో 2017లో వచ్చిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకి చేరువలోనే, పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు కట్టారు. పగటి ఎండతో నీళ్ళు కొండమీది చెరువులోకి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం దాని పని. ఇందులో చిత్రమేమిటంటే, నాగార్జునసాగర్ పవర్‌హౌస్‌లోని ఎనిమిది యంత్రాల్లో ఏడు ఎప్పటినుంచో ఇలా రెండు వైపులా తిరగగలిగినవే. అవి పెట్టిన కాలంలో ఆలోచన తిరగేసి ఉండేది: రాత్రి అందరూ పడుకున్నాక థర్మల్ కరెంటు మిగిలిపోతుంది, దాంతో నీళ్ళెక్కించి పగలు వాడుకోవాలి. నలభై ఏళ్ళలో పగలూ రాత్రీ తారుమారయ్యాయి. గుజరాత్‌లో సూర్యదేవాలయం ఉన్న మోఢేరా ఊరిని 2022 అక్టోబర్‌లో రాత్రింబవళ్ళూ సోలార్‌తో నడిచే ఊరిగా ప్రకటించినప్పుడు కూడా, వెయ్యికి పైగా ఇళ్ళ మీద పెట్టిన ప్యానెళ్ళు మాత్రమే ఆ పని చెయ్యలేదు; ఊరి కోసం పెద్ద బ్యాటరీ విడిగా పెట్టారు. రాత్రి కరెంటు అక్కడినుంచి వస్తుంది.

ఇళ్ళ బిల్లుల్లోకి వేళని తెచ్చే నిబంధన కూడా వచ్చేసింది. 2023 జూన్‌లో కేంద్రం చేసిన సవరణ ప్రకారం, స్మార్ట్ మీటరు ఉన్న ఇంటికి ఎండ వేళల్లో ధర మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ, గిరాకీ వేళల్లో కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. వ్యవసాయం తప్ప అందరికీ 2025 ఏప్రిల్ గడువు పెట్టారు. అమలు మాత్రం రాష్ట్రాల కమిషన్ల చేతిలో ఉంది, స్మార్ట్ మీటరు పేరెత్తితేనే వీధుల్లో జెండాలు లేచే రోజులివి. ఎప్పుడొచ్చినా, వచ్చిన రోజున ఇంటికి రాగానే ఏడింటికి ప్లగ్గు పెట్టే అలవాటు ఖరీదైపోతుంది. చాలా కార్లలో ఎన్నింటికి ఛార్జింగ్ మొదలుపెట్టాలో చెప్పే టైమర్ ఉంటుంది, కొన్నవాళ్ళలో దాని జోలికి వెళ్ళినవాళ్ళు తక్కువ.

నిజంగా ఎండతో కారు నడిపేవాళ్ళు లేకపోలేదు. ఇంటినుంచే పని చేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, ఇంటి కిందే షాపున్నవాళ్ళు. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటరైతే మరీ సులువు, పదకొండింటికి పెడితే సాయంత్రానికి నిండుతుంది. ఆఫీసుకెళ్ళేవాడు కూడా శని, ఆదివారాల్లో పదింటినుంచి మూడింటి దాకా పెడితే, ఆ రెండు రోజుల్లో తన ప్యానెళ్ళు ఇచ్చే ఇరవై చిల్లర యూనిట్లు నేరుగా కారులోకే పోతాయి. వారానికి కావలసిన యాభైలో సగానికి కొంచెం తక్కువ. మిగతా సగం ఆఫీసులోనే ఎక్కించుకోగలిగితే ఇంటి బెడదే ఉండదు. ఐటీ కంపెనీల భవనాల మీద కప్పు విశాలంగానే ఉంది, కింద వేల కార్లు పగలంతా ఊరికే నిలబడి ఉంటున్నాయి. వాటిని కలిపే తీగ లాగించడానికి ఉద్యోగి అడగాల్సింది డిస్కం ఏఈని కాదు, సొంత హెచ్ఆర్‌ని.

సోలార్ కుర్రాడు ఇంటికొచ్చినప్పుడు ట్యాబ్‌లో పాతికేళ్ళ పట్టిక చూపిస్తాడు, ఏటేటా ఎంత మిగులుతుందో వరసగా అంకెలు. అది ఇవాళ్టి నెట్ మీటర్ పద్ధతి పాతికేళ్ళూ కదలకుండా ఉంటుందనుకుని వేసిన పట్టిక. మొదటి ఏడెనిమిది వరసలు చూసుకుని, మిగతావి పక్కన పెట్టడం మంచిది. ట్యాంకు నీడ మూడింటికి ఎక్కడ పడుతుందో అతనికి చూపించాలి, కారు కేబుల్ మందం ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్ళో కూడా అప్పుడే అడగాలి. ప్యానెల్‌కి ఉన్నంత దానికి ఉండదు, మధ్యలో ఒకసారి మార్చక తప్పదు, ఆ ఖర్చు వరస ఆ పట్టికలో సాధారణంగా కనిపించదు.